బ్రహ్మయ్య వ్యాన్ వెనక జుట్టు విరబోసుకున్నది

ఈపూరు దాటి లోపలికి వెళ్తే ఒక ఊరుంది. పేరు చెప్పను. చెబితే కర్రలు పట్టుకుని వస్తారు, మనుషుల మీదైతే వాళ్ళకు ధైర్యం బాగానే ఉంటుంది. ఆ ఊరి చివర మూతబడ్డ పత్తి మిల్లు ఉంది. చీకటి పడితే అటు ఎవరూ వెళ్ళరు.

ఎప్పుడో మిల్లు నడిచే రోజుల్లో ఒక కూలీ మనిషి జడ మిషను బెల్టులో చిక్కుకుని చచ్చిపోయిందట. అప్పటి నుంచీ… జుట్టు విరబోసుకుని అక్కడే తిరుగుతోందట. ఎవరు చూశారయ్యా అంటే ప్రతివాడూ "మా బావ చూశాడు" అంటాడు. ఆ బావని పట్టుకుంటే వాడికింకో బావ. పోనీ, ఆ మనిషి పేరేమిటి? అదీ ఎవరికీ తెలియదు. బతికున్నప్పుడు పేరు కూడా అడగనివాళ్ళు, చచ్చాక ఆమె జుట్టెంత పొడుగో చేతులు చాచి మరీ చెబుతారు.

ఈ సంగతి నాకు చెప్పింది ఇలియాస్. నరసరావుపేటలో బళ్ళకు సీటు కవర్లు, హారన్లు, కెమెరాలు బిగించే కుర్రాడు. కొంత తను కళ్ళారా చూసింది, మిగతాది చెవులారా విన్నది.

ఆ ఊళ్ళో బ్రహ్మయ్య అని, షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు అద్దెకిచ్చే ఆయన ఉన్నాడు. దెయ్యం పుణ్యమా అని మిల్లు షెడ్డు చవగ్గా వచ్చింది, సామానంతా అందులోనే పెట్టాడు. షెడ్డుకు పోయే సందు ఇరుకు, పైగా బాగా పల్లం. లోపల వ్యాన్ తిరగదు. రోడ్డు మీద నుంచే వెనక్కి దించుకుంటూ రావాలి. దిగినచోట ఒక పక్కన పాత బావి. నీళ్ళు లేవు, గట్టూ లేదు. అడుగున రాళ్ళు, చెత్త.

అందుకని వ్యాన్ దించిన ప్రతిసారీ బ్రహ్మయ్య భార్య ప్రమీలమ్మ ఆ బావి పక్కనే నిలబడేది. అరచేత్తో బండిని చరుస్తూ చెప్పేది.

"రానీ… రానీ… ఎడమకి కొట్టు… రానీ… ఆపు!"

ఆమె ఆపమన్న చోట బ్రహ్మయ్య ఆపేవాడు. ఇన్నేళ్ళలో బండికి ఒక్క గీత పడలేదు. కానీ టీ కొట్టు దగ్గర కూర్చునే పనిలేని వాళ్ళకు అది తమాషా అయింది. "ఏం బ్రహ్మయ్యా, స్టీరింగ్ నీ చేతిలో ఉందా, మా అక్క చేతిలో ఉందా?" అని ఒకడు అన్నాడు, మిగతావాళ్ళు నవ్వారు. అంతే. మగాడికి పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడే వ్యాన్ వేసుకుని నరసరావుపేట వెళ్ళాడు.

ఇలియాస్ నంబర్ ప్లేటు పైన బెజ్జం పెట్టి కెమెరా బిగించాడు. రివర్స్ లైటు తీగకి దాని తీగ కలిపాడు. స్టీరింగ్ ముందు చిన్న స్క్రీన్ అంటించాడు.

"రివర్స్ గేరు ఎయ్యి చాలు బాబాయ్. ఎనకాల చీమ పోతున్నా కనపడుద్ది."

"రాత్రిపూట?"

"రాత్రీ కనపడుద్ది. తెలుపూ నలుపూలో."

"అయితే ఇంక మా ఆడమనిషి నిలబడక్కర్లేదుగా?"

"టీవీ పెట్టుకుని మళ్ళీ మనిషెందుకు బాబాయ్!" అన్నాడు ఇలియాస్. అమ్మేవాడు అలా కాక ఇంకెలా అంటాడు?

ఆ సాయంత్రం ఊళ్ళో జనం ఒకరి తర్వాత ఒకరు వ్యాన్ ఎక్కి స్క్రీన్ చూసి దిగారు. ఇంతమంది చూశారు కదా, కెమెరాకి దిష్టి తగులుతుందని బ్రహ్మయ్యకు భయం పట్టుకుంది. కంటికి దిష్టి తగలడం విన్నారా ఎక్కడైనా? వెనక తలుపుకి పైన ఒక నల్ల సవరం, దానికి రెండు నిమ్మకాయలు కట్టి వేలాడదీశాడు. పసుపు రాశాడు, కొబ్బరికాయ కొట్టాడు. ఇక తిరుగులేదనుకున్నాడు.

మర్నాడు పెళ్ళి సామాను తిరిగి ఎక్కించుకుని వచ్చేసరికి పొద్దు గుంకింది. ప్రమీలమ్మని రావద్దన్నాడు. సందు మొదట్లో ఆగి, మీసం ఒకసారి సర్దుకుని, రివర్స్ గేరు వేశాడు.

స్క్రీన్ వెలిగింది. ఖాళీ సందు… రెండు పక్కలా గోడలు… బండి పల్లంలోకి దిగింది…

జుట్టు.

స్క్రీన్ నిండా నల్లటి జుట్టు. మెల్లగా ఊగుతోంది… ఆ జుట్టు మధ్య తెల్లగా రెండు కళ్ళు!

బ్రహ్మయ్య బ్రేకు తొక్కాడు. తల తిప్పి అద్దంలో చూశాడు. ఎవరూ లేరు. మళ్ళీ స్క్రీన్ చూశాడు. ఊగుతోంది… అతని వైపే చూస్తోంది. బండిని ఒక్క ఉరుకున రోడ్డెక్కించాడు. చదునుకి వచ్చి మళ్ళీ రివర్స్ వేసి చూస్తే జుట్టూ లేదు, కళ్ళూ లేవు.

ఊరికి పెద్ద పండగే అయింది. ఇన్నాళ్ళకు బావలతో పని లేకుండా సొంతంగా చూసినవాడొకడు దొరికాడు. ఎవరో సలహా ఇస్తే బ్రహ్మయ్య ఇంకో సవరం, ఇంకో నాలుగు నిమ్మకాయలు కట్టాడు. ఆ రాత్రి దెయ్యానికి జుట్టు రెట్టింపయింది, కళ్ళు ఆరయ్యాయి. దాంతో ఎక్కడి నుంచో ఒక స్వామిని తీసుకొచ్చారు. ఆయన మిల్లు వైపు కన్నెత్తి చూడలేదు. బ్రహ్మయ్య అరుగు మీదే కూర్చుని, పులిహోర తిని, చెయ్యి కడుక్కుని చెప్పాడు.

"ఈసారి కనపడితే ఆగబాకు. మీదికి ఎక్కించెయ్. అది నీ వాళ్ళ గొంతుతో పిలుస్తది… పలకబాకు. ఎనక ఎవ్వర్నీ ఉంచబాకు."

ప్రమీలమ్మ గడప దగ్గరే నిలబడి అంతా విన్నది.

"రోడ్డు మీద ఎనక్కి తీస్తే రాని దెయ్యం ఆ సందులోనే ఎందుకొస్తదయ్యా? నేనొచ్చి నిలబడతా. ఏందో చూస్తా."

"ఏమే, నీకేమన్నా పిచ్చా? స్వామి ఏం చెప్పాడు?"

"నీకు స్వామి చెప్తే ఇనపడుద్ది, నేను చెప్తే ఇనపడదు. మా అక్కాళ్ళింటికి పోతున్నా." సంచీ తీసుకుని వినుకొండ బస్సు కోసం రోడ్డు వైపు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక బ్రహ్మయ్య ఒక్కడే వ్యాన్ తీసుకెళ్ళాడు. గేరు వేశాడు. మెల్లగా దించుతున్నాడు…

వచ్చింది. జుట్టు… కళ్ళు…

ఈసారి జుట్టు వెనకాల ఇంకోటి ఉంది. మనిషి ఆకారం. చెయ్యి పైకెత్తి ఉంది.

"ఆపు…"

ఆడగొంతు. ప్రమీలమ్మ గొంతు.

"ఆపయ్యా! బావి… ఆపు!"

బ్రహ్మయ్య ఆపలేదు. స్వామి ఎంత కరెక్టుగా చెప్పాడు! పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, యాక్సిలరేటర్ తొక్కాడు.

బండి మీద టపటపా దెబ్బలు… ఒక కేక… ఆ కేక కిందికి, కిందికి పోయింది. వ్యాన్ దేనికో కొట్టుకుని ఆగింది. బ్రహ్మయ్య తలుపు తీసి, ఇంజను కూడా ఆపకుండా, కాళ్ళకు బుద్ధి చెప్పాడు.

ఇంటికొచ్చి భార్యకు ఫోన్ చేశాడు. మోగింది, తీయలేదు. ఇంకా అలక తీరలేదనుకున్నాడు.

ఆ రాత్రి మిల్లు వైపు నుంచి ఏడుపు వినపడింది. ఒక ఇంటికి కాదు, ఊరంతటికీ వినపడింది. "ఓ అయ్యా… ఎవరన్నా రండయ్యా… కాలు ఇరిగిందయ్యా…" తలుపులు ధడధడా మూసుకున్నారు. ఒకరు దండకం చదివారు, ఒకరు గడపకు అడ్డంగా చెప్పు పెట్టారు. పక్కింటి ఎలిజబెత్ మాత్రం, "అది ప్రమీలక్క గొంతు, నేను పోయి చూసొస్తా" అని చెప్పులేసుకుంది. మొగుడు తలుపుకు అడ్డం నిలబడ్డాడు. అత్త కాళ్ళు పట్టుకుంది. బ్రహ్మయ్య దుప్పటి ముసుగేసుకుని, "ఎంత బాగా అనుకరిస్తందిరా… పేర్లు కూడా చెప్తంది" అని వణుకుతూ కూర్చున్నాడట. పిలిచేది అతని పేరే.

ఆ రాత్రే కెమెరా ఊడపీకి పొమ్మని బ్రహ్మయ్య ఇలియాస్‌కి ఫోన్ చేశాడు. పొద్దున్నే మొదటి బస్సులో వచ్చిన ఇలియాస్‌కి ఊళ్ళో ఒక్కరూ తోడు రాలేదు. అతనొక్కడే మిల్లుకి వెళ్ళాడు. వ్యాన్ బావి అంచున రాయికి ఆనుకుని ఉంది, డీజిల్ అయిపోయి ఎప్పుడో ఆగిపోయింది. వెనక తలుపుకి కట్టిన సవరాలు, పల్లంలో బండి వెనక్కి వాలడం వల్ల తలుపుకి ఆనుకోకుండా ఎడంగా, సరిగ్గా కెమెరా ముందుకి వేలాడుతున్నాయి. నిమ్మకాయలు గాలికి ఊగుతున్నాయి. ఊరంతా వణికిన దెయ్యం అదీ.

పక్కన నేల మీద ఒక సంచీ పడి ఉంది. అందులో ఫోన్.

"ఎవరది…" అని బావిలోంచి గొంతు వచ్చింది. ఏడ్చి ఏడ్చి పూడుకుపోయిన గొంతు.

ఇలియాస్ వంగి చూశాడు. రాళ్ళ మధ్య ప్రమీలమ్మ. బస్టాండు దాకా వెళ్ళి, ఈ మూర్ఖుడు ఒక్కడే బావి పక్కకి బండి దించుకుంటాడన్న భయంతో వెనక్కి వచ్చేసిందట. వచ్చి, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది.

"పిన్నీ, ఒక్క నిమిషం… మనుషుల్ని పిలుస్తా!"

"ఈ ఊళ్ళోనా? నరసరావుపేటకి ఫోన్ చెయ్యి నాయనా" అంది ప్రమీలమ్మ.

తుంటి ఎముక విరిగింది. రాడ్డు వేశారు. ప్రాణం దక్కింది గానీ ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేదు. ఇంతా తెలిశాకైనా ఊరు సిగ్గుపడుతుందనుకుంటున్నారా? మీకు ఆ ఊరి సంగతి తెలియదు. "అది నేనేనయ్యా ఏడ్చింది" అని ప్రమీలమ్మ చెబితే, "నువ్వూ ఏడ్చి ఉంటావులేమ్మా. మేం ఇన్నది మాత్రం అదే" అన్నారట. మిల్లు వైపు ఇప్పుడు పట్టపగలు కూడా పోవడం మానేశారు.

మొన్న ఇలియాస్ చూడ్డానికి వెళ్తే, బ్రహ్మయ్య ఎవరో చుట్టాలకు ఆ రాత్రి కథ చెబుతున్నాడట. ప్రమీలమ్మ పక్కనే మంచం మీద ఉంది. "ఎట్టా ఏడ్చిందనుకున్నారు?" అని అతను గొంతు సన్నగా చేసి, "ఓ అయ్యా… బ్రహ్మయ్యా… నేనయ్యా, ప్రమీలని… కాలు ఇరిగిందయ్యా…" అని ఏడ్చి చూపించాడు. చుట్టాలు నోళ్ళు వెళ్ళబెట్టారు.

ప్రమీలమ్మ ఇలియాస్ వైపు తిరిగింది.

"చూశావా, ఒక్క ముక్క కూడా పొల్లు పోలేదు" అంది. "అంతా ఇన్నాడు."