ఊపని తువ్వాలు

చిన్న కథే. పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోతుంది. మాల్యాద్రి అద్దాల మేడ ఎక్కాలా, వద్దా? అంతే. అయితే ముందు పద్మనాభయ్య సంగతి చెప్పాలి. సముద్రం పక్కన సరుగుడు తోపు కొట్టేసి కట్టిన ఇరవై రెండంతస్తుల హోటలే ఆ అద్దాల మేడ; దాని పైకి ఊళ్ళో అందరికన్నా ముందు ఎక్కింది ఆయనే. శ్రీహరికోటలో రాకెట్టు పక్కన టీ తాగే మనిషి మీసం కూడా కనిపించిందన్నాడు. ఇంట్లో తన కళ్ళజోడు వెతకడానికి మాత్రం ఆయనకు భార్య కావాలి.

సరే, మాల్యాద్రి. ఊరివాళ్ళకు ఆదివారం ఉచితం. మూడు ఆదివారాలు ఆయన భార్య అంకాలమ్మ పట్టుచీర కట్టుకుంది. మూడుసార్లూ మొగుడు గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగినాడు. ఒకసారి మోకాలు, ఒకసారి గాలి, ఒకసారి ఎవరో తుమ్మినారు.

"ఎక్కుతావా, చస్తావా? ఏందో ఒకటి చెప్పయ్యా!"

"ఆలోచిస్తన్నా మే."

"నాలుగేళ్ళ నుంచీ అదే పని!"

ఆ నాలుగేళ్ళ సంగతి ఊరందరికీ తెలుసు. సముద్రం రేగితే ఇసుక దిబ్బ మీద ఒకడు నిలబడి తువ్వాలు ఊపుతాడు. అది చూసిన పడవ, వల వదిలేసైనా సరే, ముక్కు తిప్పి ఊపినవాడి దగ్గరికి రావాల్సిందే. నాలుగేళ్ళ కింద అట్లా రేగిన రోజు దిబ్బ మీద వంతు మాల్యాద్రిది. నిద్రపోయినాడు. తమ్ముడు ఓబులేసు పడవ రాలేదు. అప్పటి నుంచి ఆయన సముద్రం వైపు చూడడు. ఒక్కసారి పైనుంచి చూస్తే ఆ భయం వదులుతుందని, మళ్ళీ పడవెక్కుతాడని అంకాలమ్మ ఆశ.

నాలుగో ఆదివారం రెక్క పట్టుకుని లిఫ్టులోకి తోసింది.

పైన చల్లగా ఉంది. అద్దాలకు సబ్బు వాసన. కింద ఒడ్డున నలభై పడవలు, ముక్కులు సముద్రం వైపు పెట్టి, తాళ్ళతో కట్టి ఉన్నాయి. వేట నిషేధం రోజులు కదా, నీళ్ళ మీద ఒక్కటీ లేదు.

"చూడయ్యా, ఏముంది అక్కడ?"

మాల్యాద్రి కళ్ళు తెరిచినాడు. భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి గబగబా ఊపడం మొదలుపెట్టినాడు.

"ఎవరికయ్యా?"

"వస్తన్నాడు..." గొణిగినాడు. "ముక్కు తిప్పినాడు మే..."

ఆమెకు ఖాళీ నీళ్ళే కనిపించినాయి. కానీ సబ్బు వాసన పోయింది. ఉప్పు... తడి వల... కుళ్ళిన చేప. అద్దానికి అవతల, అంత ఎత్తున, ఎవరో తెడ్డుతో తట్టినట్టు... టక్. మళ్ళీ... టక్.

మొగుణ్ణి కిందికి ఈడ్చుకొచ్చింది. తువ్వాలు పైనే పడిపోయింది.

సోమవారం పై అంతస్తుకు సెలవు. పొద్దున్నే మొగుడితో ఒడ్డుకు వచ్చిన అంకాలమ్మ నిలబడిపోయింది. పడవల తాళ్ళు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ముక్కులు మాత్రం... నలభై ముక్కులూ హోటలు వైపు తిరిగి ఉన్నాయి. ఒక్కో పడవ తిప్పాలంటే పదిమంది కావాలి. ఇసుకలో ఒక్క అడుగు గుర్తు కూడా లేదు.

పైన అద్దాల వెనక ఎర్ర తువ్వాలు ఊగుతోంది.

"తమ్ముడు పిలస్తన్నాడు," అన్నాడు మాల్యాద్రి.

"వద్దయ్యా... పోవద్దు..."

మూడు వారాలు నసిగిన మనిషి ఈసారి ఆలోచించలేదు. హోటలు వైపు నడిచిపోయినాడు.

వాచ్‌మన్ సైఫుల్లా తాను తాళం తీయనే లేదంటాడు. తర్వాత తీసి వెతికితే పైన ఎవరూ లేరు. నేల తడిగా ఉంది.

ఒడ్డు నుంచి చూస్తే మాత్రం తువ్వాలు ఊపుతూనే ఉన్నారు. పద్మనాభయ్య ఈసారి కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసినాడు. ఇద్దరు.