సుద్దముక్క గుర్తులు

రిటైరైనా మాస్టారిని సుద్దముక్క వదల్లేదు. కొత్త స్నానాలగదిలో గొంతుక్కూచుని, రూపాయి బిళ్ళతో టైల్స్ ఒక్కొక్కటీ కొట్టి చూశారు. కింద సిమెంటు సరిగా నిండని టైలు డొల్లగా మోగుతుంది. అలాంటివి నాలుగు దొరికాయి. కానీ ఆయన పదకొండింటి మీద ఇంటూ గుర్తులు పెట్టారు. ఎంత ఎక్కువ తప్పు చూపిస్తే మేస్త్రి కూలిలో అంత కోత పెట్టొచ్చు. నలభై ఏళ్ళు పేపర్లు దిద్దిన చేతికి అది వెన్నతో పెట్టిన విద్య.

మేస్త్రి కూడా వంగి వేలి కణుపుతో కొట్టి చూశాడు.

"ఇది గట్టిదే కదా సార్."

"నా చెవికి డొల్లే."

"మా ఆవిడ ఆస్పత్రిలో ఉంది సార్. చివరి వాయిదా ఇప్పించండి. రేపొచ్చి ఊడదీసి మళ్ళీ వేస్తాను."

"ముందు పని. తర్వాతే డబ్బు."

మేస్త్రి వాదించలేదు. "సరే సార్. డొల్లది ఒక్కటి కూడా మీ ఇంట్లో ఉంచను. అంతదాకా పైసా ముట్టను," అని రబ్బరు సుత్తి అక్కడే పెట్టి వెళ్ళాడు. మర్నాడు ఆస్పత్రి ఖర్చు కోసం ముందు ఇంకోచోట పనికెళ్ళి, పరంజా మీంచి పడి చనిపోయాడు.

మాస్టారికి నాలుగు రోజులు ముద్ద దిగలేదు. సిగ్గేసింది, భయమూ వేసింది. ఐదో రోజు మొత్తం డబ్బు కవర్లో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళారు. మంచం మీదున్న మేస్త్రి భార్య కవరు వెనక్కి తోసేసింది.

"పని సరిచేశాకే తీసుకుంటానని చెప్పాడు కదండీ. మాట తప్పే మనిషి కాడు."

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మబ్బు పట్టి గదులన్నీ మసగ్గా ఉన్నాయి. భార్య చెల్లెలింటికి వెళ్ళింది. మాస్టారు కాసేపు నడుం వాల్చారో లేదో, పచ్చి సిమెంటు వాసన ముక్కుకి తగిలింది. ఆ వెంటనే చప్పుడు.

టక్... టక్... టక్.

లేచి స్నానాలగది తలుపు తోశారు. లోపల ఎవరూ లేరు. అబద్ధంగా పెట్టిన ఏడు గుర్తులూ తుడిచేసి ఉన్నాయి. డొల్లవి నాలుగూ కొత్తగా వేసి ఉన్నాయి. అంచుల్లో సిమెంటు ఇంకా తడిగానే ఉంది. సుత్తి కూడా తడిగా ఉంది.

"అయిపోయింది కదా..." అంటూ మాస్టారు కవరు నేల మీద పెట్టారు. "తీసుకెళ్ళు నాయనా... తప్పు నాదే."

కవరు కదల్లేదు.

టక్... ఈసారి హాల్లో గోడ. గట్టిగా మోగింది. టక్... పడగ్గది గోడ. గట్టిదే. ఎవరో ఓపిగ్గా ఇల్లంతా కొట్టి చూస్తున్నారు. చప్పుడు వెనక్కి తిరిగింది. దగ్గరకొచ్చింది. ఆగింది.

వీపు మీద, వేలి కణుపుతో, నెమ్మదిగా... ఒక్కసారి.

మాస్టారు కదల్లేదు. కాలింగ్ బెల్ మోగింది. ప్రాణం లేచొచ్చినట్టయి పరిగెత్తి తలుపు తీశారు. భార్య.

"అలా చెమటలు పట్టాయేంటండీ? ఇటు తిరగండి... చొక్కా వెనక ఈ సుద్ద ఏమిటి? ఎవరో ఇంటూ కొట్టారు."

ఆవిడ దులిపింది. పోలేదు. ఇంకాస్త గట్టిగా వీపు మీద తట్టింది.

ఆ డొల్ల మోత విని ఇద్దరూ ఆగిపోయారు.

స్నానాలగదిలో ఎవరో సిమెంటు కలుపుతున్నారు.