ఇత్తడి ఆకులో వంకర ఈనె

గుల్నార్ పరిగెడుతోంది!

ఇస్ఫహాన్ బజారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది.

ఒంటిని కప్పిన చాదర్ కింద ఆస్ట్రోలేబ్ పక్కటెముకలకు కొట్టుకుంటోంది. నక్షత్రాల ఎత్తు కొలిచే ఇత్తడి యంత్రం. వయసు మూడు వందల ఏళ్ళు. బరువు మాత్రం తగ్గలేదు.

దీన్ని మ్యూజియంలో దొంగిలించాడని నాన్న జైల్లో ఉన్నాడు. ఆయన ఉత్త చెక్కుడు పనివాడు.

రెండు గంటలకు తీర్పు. ఈలోగా ఇది కోర్టులో ఉండాలి.

అసలు దొంగ ఖొస్రో. పాతవస్తువుల డీలర్. గంట క్రితం అతని బీరువాలోంచే దీన్ని తీసింది. ఇప్పుడు వెనకే వస్తున్నాడు!

భయం వేయాలి. వేయడం లేదు. కాళ్ళు కూడా ఎవరివోలా ఉన్నాయి.

నాన్న కొట్లోకి దూరుతుంది. తలుపు వేసేలోగా... సందులో బూటు!

ఖొస్రో. పక్కన పిస్టల్‌తో అతని అనుచరుడు తేమూర్, గున్న ఏనుగులా.

ఖొస్రో అతని చెవిలో ఏదో చెబుతాడు. తేమూర్ బయటికెళ్ళి ఎదుటి గోడకు ఆనుకుంటాడు.

"గుల్నార్ ఖానుమ్! నాన్నగారు కులాసానా?"

"జైల్లో ఉన్నారు. అంతా మీ దయ."

"అయ్యో, నాదేముంది!"

చెయ్యి చాపుతాడు. ఇచ్చేస్తుంది.

భూతద్దం తీస్తాడు. నక్షత్రానికొక ఇత్తడి ఆకు. ప్రతి ఆకుకీ సన్నని ఈనె. ఒక్కటి మాత్రం వంకర.

"దీన్ని చేసిన ఉస్తాద్ చెయ్యి జారింది చూశావా? నకలు కొట్టేవాడైతే దిద్దేసేవాడు. అసలుదే!" కళ్ళు దాని మీదే. "పదమ్మా, ఇంటి దగ్గర దింపుతాను. నడువు."

"మీరు పెద్దవారు. ముందు మీరు."

"ఆడవాళ్ళు ముందు."

"మా కొట్లో మీరు అతిథి. అమ్మమ్మ వింటే నన్ను చంపుతుంది."

"ఛ ఛ, నువ్వు నడువు."

"ప్రాణం పోయినా సరే, మీ తర్వాతే."

ఇన్నిసార్లు బతిమాలాక కాదంటే, ఇస్ఫహాన్‌లో వాణ్ణి మనిషనరు. ఖొస్రో చూపు ఇంకా ఆ వంకర ఈనె మీదే. కాళ్ళు అలవాటుకొద్దీ గడప దాటుతాయి.

ఎండ ఇత్తడి మీద భగ్గుమంటుంది...

ఢాం!

ఖొస్రో వెల్లకిలా పడతాడు. ఆస్ట్రోలేబ్ దొర్లుతూ కొట్లోకి వస్తుంది.

తేమూర్ కళ్ళు నులుముకుంటాడు. చూస్తాడు. పిస్టల్ జారిపోతుంది.

"ముందు వచ్చేవాళ్ళని కాల్చమన్నాడు! అది నువ్వు కదా... నువ్వే కదా రావాల్సింది!"

గుల్నార్ ఆస్ట్రోలేబ్ తీసి చాదర్ కింద పెట్టుకుంటుంది. ఒంటిగంటన్నర.

"పెద్దాయన కంటే ముందు నేనెలా వస్తానయ్యా?"