అరవై అయిదో పేజీలో అప్పలరాజు గారు

బడా బజార్‌లో బట్టల కొట్ల వెనక సందులో ఒక మేడగది ఉంది. రాత్రి ఎనిమిది దాటితే ఆ మెట్లెక్కేవాడు లేడు. వర్తక సంఘం అధ్యక్షుడు అప్పలరాజు గారు ఆ మెట్ల మీదే కాలు జారి పోయారు. పోయి ఎనిమిది రోజులే… పెద్దకర్మ కూడా కాలేదు. రాత్రిళ్ళు ఆయన దగ్గు వినబడుతోందని కింద కొట్లవాళ్ళు చెవులు కొరుక్కుంటున్నారు.

ఆ గదిలోనే ఢిల్లీశ్వరరావు డీటీపీ సెంటరు. అందులో ఆపరేటరు కూర్మారావు. ఇరవై రెండేళ్ళ సర్వీసని, ఎదుటివాడు కుర్చీలో కూర్చునేలోపే తనే చెప్పేస్తాడు. తనకి రాని పనల్లా పనికిమాలిన పనేనని తేల్చిపారేయడం ఆయన మహా విద్వత్తు.

నెల కిందట అంకులి నుంచి వచ్చే దివ్యశ్రీ అనే పిల్ల ఉద్యోగం ఊడగొట్టించింది కూడా ఈయనే. "గంటలో పనైపోయిందంటాది, కాళీగా కూర్సుంటాది. అలాటిదానికి జీతమేటి?" అని ఓనరు ఢిల్లీశ్వరరావు చెవిలో ఊదాడు. ఓనరు నమ్మాడు.

వర్తక సంఘం సావనీరు ఆ పిల్ల వెళ్ళేముందు పేర్చిందే. ప్రతి పేజీ అడుగునా గుండ్రంగా అధ్యక్షుడి ఫొటో. ఇప్పుడు అధ్యక్షుడు మారాడు.

"పొద్దున్నే ఫైలు ప్రెస్సుకి ఎల్లాల. ఒక్క పేజీలో పాత ఫొటో అగుపించిందా… ఈ కుర్చీ నీది కాదు" అని చెప్పి ఓనరు ఇంటికి పోయాడు.

కూర్మారావు ఫొటో మీద క్లిక్ చేశాడు. పట్టుబడలేదు. మళ్ళీ చేశాడు… కదల్లేదు. ఎందుకు కదల్లేదని ఒక్క నిమిషం ఆలోచిస్తే ఆయన కూర్మారావు ఎందుకవుతాడు? ఫొటో మీద తెల్లటి డబ్బా ఒకటి గీసి కప్పేశాడు. దాని మీద కొత్త అధ్యక్షుడిని అతికించాడు. తర్వాతి పేజీలోనూ అంతే. అలా అరవై నాలుగు సార్లు! పనంటే ఇదీ అని తనని తనే మెచ్చుకున్నాడు కూడా.

రాత్రి పదకొండున్నరకి ఓనరు ఫోను. దిగపహండి రైసు మిల్లు వాళ్ళ ప్రకటన ఉందట, ఇంకో పేజీ వెయ్యమన్నాడు.

కూర్మారావు కొత్త పేజీ వేశాడు.

తెల్లటి పేజీ… ఒక్క అక్షరం లేదు… అడుగున మాత్రం — అప్పలరాజు గారు. నవ్వుతున్నారు.

కూర్మారావు పేజీ తీసేశాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ ఆయనే! రెండు పేజీలు వేశాడు… ఇద్దరు అప్పలరాజులు.

అప్పుడు తట్టింది ఆయనకి. పెద్దకర్మ కాని మనిషి మొహమ్మీద తెల్లగుడ్డ కప్పినట్టు… అరవై నాలుగు సార్లు కప్పాడు తను.

"ఆజ్ఞా, అప్పలరాజు గారూ… నా తప్పు కాదండి… ఓనరు సెయ్యమన్నాడు…" అని గుసగుసలాడాడు. దెయ్యం ముందు కూడా నేరం పక్కవాడి మీదికే తోశాడు, మహానుభావుడు.

పారిపోదామంటే ఆ మెట్లే దిగాలి. దిగితే కుర్చీ పోతుంది. ఆఖరికి సిగ్గు చంపుకుని, తను వెళ్ళగొట్టించిన పిల్లకే ఫోను చేశాడు.

"ఏటైంది బాబాయ్, ఈయేళప్పుడు?"

"అమ్మా… అప్పలరాజు గారు… కొత్త పేజీ ఎయ్యగానే వొచ్చేస్తన్నారు… నాను పెట్టనేదమ్మా… అన్ని పేజీల్లోనూ తెల్ల డబ్బాలెట్టి కప్పేసినాను కూడా…"

"ఆ ఫొటో మాస్టర్ పేజీలో నానే పెట్టినాను బాబాయ్, అందుకే మామూలు పేజీలో పట్టుకుంటే కదల్దు. దాన్లో ఏటుంటే అన్ని పేజీల్లోకీ అదే వొస్తాది, కొత్త పేజీక్కూడా. మాస్టర్ తెరిసి, అక్కడ ఫొటో మార్సు. నీ తెల్ల డబ్బాలు తీసెయ్."

మార్చాడు. అరవై అయిదో పేజీలో అప్పలరాజు గారు లేరు. మూడో పేజీలో తను అతికించిన ఫొటోనీ, డబ్బానీ లాగి చూశాడు… దాని కింద కూడా కొత్త అధ్యక్షుడే కూర్చునున్నాడు. పదో పేజీ… నలభయ్యో పేజీ… అన్నిట్లోనూ.

"ఒక్కసోట మారిస్తే… అన్నీ మారిపోతాయా?"

"మరి? పొద్దంతా ఎందుకు సెయ్యాల?"

"ఇది… ఈమధ్య కొత్తగా వొచ్చిందా అమ్మా?"

"కొత్తదేటి బాబాయ్! నువ్వు పని నేర్సుకున్న పాత పేజ్‌మేకర్లోనూ ఉంది. నాను పుట్టకముందు నించీ ఉంది."

ఫోను పెట్టేసింది.

దెయ్యం లేదని తేలిపోయింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు కూర్మారావుకి అసలు వణుకు అప్పుడు మొదలైంది.