ఫ్యామిలీ కారు

వెనక తరుముకొస్తున్న పికప్ హెడ్‌లైట్లు ఆరిపోయాయి!

మెహక్ అద్దంలోకి చూస్తుంది. చీకటి. ఒట్టి చీకటి.

ఇంజన్ చప్పుడు మాత్రం దగ్గరవుతోంది...

"ఏమండీ! లైట్లు ఆపేసి వస్తాండారు!"

"అద్దం చూడాకు! రోడ్డు చూడు! తొక్కు!"

తొక్కుతుంది. పాత కారు ఒళ్ళంతా వణుకుతుంది.

కుడి పక్క ఎర్ర సముద్రం. ఎడమ పక్క ఇసుక. మధ్యలో సౌదీలోని యాన్బు ఊరి వైపు పరుగెత్తే నల్లటి రోడ్డు.

పక్క సీట్లో కాషిఫ్. మోచేతిని బిర్రుగా పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం...

సాయంత్రం ఇదే చెయ్యి పట్టుకుని ఆమె రాతిగట్టు మీంచి సముద్రంలోకి దూకింది!

"ఒకటి, రెండు..." అన్నాడు. మూడు అనకుండానే లాగేశాడు. మునిగి, తేలి, ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయి, దగ్గుతూ నవ్వింది. స్నార్కెల్ పెట్టుకుని తల ముంచితే కింద పచ్చగాజుల రంగు చేపలు. నీళ్ళల్లోనే "అబ్బ!" అని అరిచింది. నోట్లోంచి గొట్టం ఊడిపోయింది. ఒడ్డున ఉగ్గాని తిన్నారు. సగం ఉగ్గాని, సగం ఇసుక. అయినా ప్రొద్దుటూరులో కూడా ఇంత రుచిగా తినలేదనిపించింది.

పెళ్లయి నాలుగు నెలలు. వీపున చెరో బ్యాగు, ఒక టెంట్, సెలవు దొరికితే చాలు సముద్రం.

"నువ్వు పక్కనుంటే చాలు మెహక్. నాకేం భయం లేదు."

ప్రతి ట్రిప్పులో అంటాడు. ప్రతిసారీ ఆమె కరిగిపోతుంది.

ధన్!!

వెనక నుంచి గుద్దారు! కారు పక్కకి ఊగుతుంది. స్టీరింగ్ తిప్పుతుంది. టైర్లు కీచుమంటాయి. మళ్ళీ రోడ్డు మీదకి...

"యా అల్లా! ఎవరండీ వాళ్ళు?"

"దొంగలు! పోనీ!"

దొంగలే అయ్యుండాలి. పొద్దు గూకే వేళ ఆమె ఒక్కతే కయాక్‌లో ఇంకో చుట్టు వేయడానికి వెళ్ళింది. ఒకవైపే తెడ్డు వేస్తూ ఉన్నచోటే గుండ్రంగా తిరిగి, తనలో తను నవ్వుకుని, తొందరగా వెనక్కి వచ్చేసింది. టెంట్ ముందు ఇద్దరు మగవాళ్ళు. ఆమెని చూశారు. ఆమె వాళ్ళని చూసింది. ఒకడి చేతిలో కత్తి మెరిసింది.

"ఫయాజ్, వద్దు!"

కాషిఫ్ అరుస్తూ అడ్డం వచ్చాడు. కత్తి అతని చెయ్యి చీల్చింది. ఒక చేత్తో ఆమెని, ఇంకో చేత్తో ఆమె నారింజ రంగు బ్యాగుని లాక్కుంటూ పరుగెత్తాడు.

టెంట్ వదిలేశాడు. తన బ్యాగు వదిలేశాడు. ఆమె బ్యాగు మాత్రం వదల్లేదు! దాని మీద నీలి దారంతో తన పేరు తనే కుట్టుకుంది. అంత ప్రాణభయంలో కూడా ఆమెకి ముచ్చటేసింది...

"బ్యాగులో ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఉంది. దూది తీసి నొక్కిపెట్టండి."

"వద్దు."

"రక్తం ఆగడంలే!"

"బ్యాగు ముట్టుకోవాకు మెహక్!"

అరుపు. నాలుగు నెలల్లో మొదటి అరుపు.

ఆమె చెయ్యి అప్పటికే సీట్ల మధ్య ఉన్న బ్యాగు జిప్ మీద ఉంది. లాగింది. లోపల తడిమింది.

డబ్బా లేదు. తువ్వాలు లేదు. గట్టిగా బిగించిన ప్లాస్టిక్ పొట్లాలు... ఒకటి, దాని కింద ఇంకొకటి, ఇంకొకటి!

గోరు దిగింది. పొట్లం చిరిగింది. తెల్లటి మాత్రలు గేరు చుట్టూ చిందిపోయాయి.

ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ దేశంలో దిగిన రోజే ఎయిర్‌పోర్టు బోర్డు మీద చదివింది. ఇక్కడ మత్తుమందుకి తల పోతుంది.

"ఏందిది?"

కాషిఫ్ జిప్ మూసేస్తాడు.

"ఫయాజ్ అన్నావే... ఆ పేరు నీకెట్ల తెలుసు?"

కాషిఫ్ తల తిప్పి చూస్తాడు. అతని కళ్ళలో నీళ్ళు.

"'నువ్వు' అను, 'నువ్వు' అను అని ఇన్నాళ్ళు బతిమాల్తే అన్లేదే... ఇప్పుడంటాండావా?"

నాలుగు నెలలుగా సిగ్గుతో నోట్లోనే ఆగిపోయిన మాట. ఎంత సులువుగా వచ్చేసింది!

ధన్!! మళ్ళీ గుద్దారు. వెనక అద్దం పగిలింది. ఆమె వేగం తగ్గించదు. ఏడుపు మాత్రం ఆగదు.

చెక్‌పోస్టులు గుర్తొస్తున్నాయి.

మగవాళ్ళే ఉన్న కార్లు పక్కకి. డిక్కీ తెరువు. ఇఖామా గుర్తింపు కార్డు చూపించు. వీళ్ళ కారు దగ్గర మాత్రం సైనికుడు కొంచెం వంగి, ఆమెని చూడగానే చూపు దించుకుని, "ఫ్యామిలీ?" అంటాడు. కాషిఫ్ "ఐవా, ఫ్యామిలీ!" అంటాడు. అంతే. చెయ్యి ఊపుతాడు. డిక్కీ తెరవరు. ఆడమనిషి బ్యాగు ముట్టుకోరు.

ఆ మాట వినడం కోసమే ఆమె ఎదురుచూసేది! యూనిఫారంలో ఉన్న మనిషి, ముక్కూ మొహం తెలియని మనిషి, వాళ్ళిద్దరినీ చూసి ఒక కుటుంబం అనడం... ఒళ్ళు పులకరించేది.

అరబ్బీ కూడా ఆ కార్లోనే నేర్పాడు. ఐవా అంటే అవును. లా అంటే కాదు.

"నీకు ఐవా ఒక్కటి చాలు. లాతో నీకేం పని?" అని బుగ్గ గిల్లాడు.

"నేను పక్కనుంటే చాలన్యావు..." మెహక్ మోచేత్తో కళ్ళు తుడుచుకుంటుంది. "దీనికేనా?"

"కాదు! నా మాట విను..."

"ఉమ్లుజ్ పోయినాం కదా. మన మొదటి ట్రిప్పు. నీళ్ళల్లో తాబేలు కనిపిస్తే నేను ఏడ్చినా, నువ్వు ఎగతాళి చేసినావు. అది... అదన్నా మన కోసమే కదా? అదొక్కటి చెప్పు."

"మన కోసమే! అల్లా మీద ఒట్టు!"

ఎంత నమ్మాలని ఉందో!

కానీ ఆ రాత్రి అతను నీళ్ళ బాటిల్ తెస్తానని వెళ్ళాడు. చాలాసేపటికి ఖాళీ చేతులతో వచ్చాడు. తెల్లారి ఆమె బ్యాగు తేలికైంది. "తిండంతా నువ్వే తినేసినావు" అన్నాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు...

పికప్ ఇప్పుడు పక్కకి వస్తోంది! కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి. ఆ చేతిలో పిస్టల్!

మెహక్ అతని వైపు కిటికీ దించేస్తుంది. సముద్రపు గాలి ఈడ్చి కొడుతుంది.

"పారెయ్!"

"ఏంది?"

"బ్యాగు! బయటికి విసిరెయ్! వాళ్ళకి కావాల్సింది అదే! ఆగిపోతారు!"

కాషిఫ్ బ్యాగుని గుండెలకి హత్తుకుంటాడు. రెండు చేతులతో. తెగిన చేత్తో కూడా.

"ఇది పోతే నన్ను బతకనీరు మెహక్!"

"ఇదుంటే నన్ను బతకనీరు! వాళ్ళ మొహాలు చూసింది నేను!"

అతను కిటికీ వైపైనా చూడడు.

బ్యాగు వదలడు.

ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో మెహక్ లోపల ఏదో ఆరిపోతుంది. వెనక హెడ్‌లైట్లలాగే... చప్పుడు లేకుండా.

ఢాం!

పక్క అద్దం ఎగిరిపోయింది! ఆమె తల వంచి, యాక్సిలరేటర్‌ని నేలకి నొక్కుతుంది. ముందు మలుపు. మలుపు దాటగానే...

వెలుతురు! చెక్‌పోస్టు!

పికప్ బ్రేకులు కీచుమంటాయి. వెనక్కి తిరుగుతుంది. చీకట్లో కలిసిపోతుంది.

కాషిఫ్ చకచకా కదులుతాడు. బ్యాగు ఆమె కాళ్ళ దగ్గర పెడతాడు. ఆమె దుపట్టా లాక్కుని చేతికి కప్పుకుంటాడు. గేరు చుట్టూ ఉన్న మాత్రలు ఏరి జేబులో వేసుకుంటాడు.

"నవ్వు. ఎప్పట్లాగే నవ్వు. ఇదే చివరిది. ఊరికి పోదాం. ఇంక నీ ఇష్టం, నువ్వేం చెప్తే అది."

"నేను చెప్తే?"

"బ్యాగు మీద నీ పేరుంది మెహక్..."

అది బెదిరింపో, బతిమాలడమో ఆమెకి తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

కారు ఆగింది.

సైనికుడు వంగుతాడు. కుర్రవాడు. ఆమెని చూడగానే చూపు దించుకుంటాడు. అదే మర్యాద. అదే మాట.

"ఫ్యామిలీ?"

"ఐవా, ఫ్యామిలీ!" కాషిఫ్ నవ్వుతాడు. ఎంత అందమైన నవ్వు! ఆ నవ్వు చూసే కదా ఒప్పుకుంది...

సైనికుడు చెయ్యి ఎత్తుతాడు. పొమ్మని.

కారు కదలదు.

మెహక్ తాళం తిప్పుతుంది. ఇంజన్ ఆగిపోతుంది. సముద్రం హోరు వినిపిస్తుంది. కాషిఫ్ చెయ్యి ఆమె చేతి మీద పడుతుంది. వెచ్చగా, తడిగా.

ఆమె ఆ చేతిని మెల్లగా తీసేస్తుంది.

వంగి, నారింజ బ్యాగు ఎత్తి, కిటికీ అంచున పెడుతుంది. నీలి దారం పేరు సైనికుడి మొహానికి ఎదురుగా.

అతను బ్యాగుని చూస్తాడు. దుపట్టాలోకి ఇంకిన రక్తాన్ని చూస్తాడు. చెయ్యి తుపాకీ మీదకి పోతుంది. గొంతు మారుతుంది.

"ఫ్యామిలీ?"

మెహక్ చివరిసారి భర్త వైపు చూస్తుంది.

"లా!"