చిమ్నీ మలుపులో ఆపకూడదు

పిటాన్ ఊరి దగ్గర మా ఎస్టేటు నుంచి పట్నం రోడ్డు ఎక్కాలంటే చెరుకు తోటల మధ్య మూడు మైళ్ళు పోవాలి. సగం దారిలో, మలుపు తిరిగే చోట, ఒక పాత చిమ్నీ ఉంది. దాని కింద ఉండాల్సిన చక్కెర మిల్లు మా తాతల కాలంలోనే మూతపడింది. నల్లరాతి చిమ్నీ మాత్రం అలాగే నిలబడి ఉంది. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ బండి ఆపరు... ఇప్పటికీ ఆపరు.

ఎందుకంటే — ఓడల్లో మనవాళ్ళను ఈ దీవికి కూలీలుగా తెచ్చి దింపే రోజుల్లో ఒకడు జ్వరంతో ఆ మలుపులో పడిపోయాడట. వచ్చేపోయే ఎడ్లబండ్ల వెనక చెక్క తట్టి, ఎక్కించుకోమని బతిమాలాడట. ఒక్క బండీ ఆగలేదు. తెల్లారేసరికి చచ్చి పడున్నాడు. అప్పట్నుంచి రాత్రిపూట పోయే బండిని వెనకనుంచి తడతాడని చెబుతారు. మూడు దెబ్బలు... ఆపితే ఎక్కుతాడు. ఎక్కితే ఎవరో ఒకరిని వెంటబెట్టుకునే దిగుతాడు.

బతికుండగా ఎలాగూ ఆపలేదు, చచ్చాకయినా ఎవరైనా ఆపి చూశారా అని వర్క్‌షాపులో అందర్నీ ఆటపట్టించేవాణ్ణి. ఎస్టేటు బళ్ళు బాగుచేసే జగ్గయ్యను నేను. వెనకాల చప్పుడు వినబడితే ఏ బోల్టు వదులయిందో చూస్తాను గాని దండం పెట్టే రకం కాదు. దెయ్యాలంటే అంత వెటకారం ఉండేది నాకు.

మా ఎస్టేటు జీపు డ్రైవరు కన్నయ్య. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే వాళ్ళ అక్క అంకమ్మే వాణ్ణి పెంచింది. వాడి కోసం పెళ్ళి కూడా మానుకుంది. వాడికి ముప్పయ్యేళ్ళు వచ్చినా పొద్దున్నే డబ్బాలో అన్నం సర్ది, జీపు కనుమరుగయ్యేదాకా గుమ్మంలో నిలబడేది. వాడికీ అక్క మాటంటే మాటే.

కెరోల్ తుఫాను వచ్చిన మరుసటేడు తోటల్లో దారులన్నీ బురదగుంటలే. దొర జీపుకి పెద్ద టైర్లు వేయించాడు. నాలుగూ బాగానే కూర్చున్నాయి. ఐదోదానితోనే వచ్చింది తంటా. స్పేరు టైరు ఉండాల్సింది ముందు బానెట్ మీద. ఇంత పెద్దది అక్కడ పెడితే డ్రైవరుకి రోడ్డు కనబడదు. వెనక తలుపుకి తగిలిస్తే బందులు వంగిపోతున్నాయి.

చివరికి నేనూ కన్నయ్యా దాన్ని లోపలికే ఎక్కించాం. ఆ జీపు వెనక భాగం రేకు పెట్టెలా ఉంటుంది. డ్రైవరు గదికీ దానికీ మధ్య రేకు గోడ, కిటికీ లేదు. లోపల ఒక పక్క బల్ల విప్పేసి, ఆ చోట టైరు నిలబెట్టాం. రిమ్ముతో కలిపి ఇద్దరం పడితే గాని లేవలేదు. దానికి ఇనప పట్టీ వేసి బోల్టులు బిగించాలి. అప్పటికే శనివారం సాయంత్రమైంది, నాకు విసుగొచ్చింది.

"సోమవారం పట్టీ వేస్తాలే. అందాకా తాడుతో కట్టుకో" అన్నాను. కన్నయ్య కిత్తనార తాడు రెండు చుట్లు తిప్పి ముడేశాడు. నేను ఒకసారి లాగి చూశాను. "బోన్, బానే ఉంది, చాలు" అన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను.

ఇక్కణ్ణుంచి జరిగింది కన్నయ్య తర్వాత నాకు చెప్పింది. నా మాట ఒక్కటీ కలపకుండా చెప్పాలనే చూస్తాను.

ఆదివారం రాత్రి అంకమ్మకి కడుపులో నొప్పి మొదలైంది. ఒళ్ళు కాలిపోతోంది. కూర్చోబెడితే మెలికలు తిరిగిపోతోంది. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళకపోతే తెల్లారేదాకా ఉండదనిపించింది. జీపు వెనక గోనెలు పరిచి పడుకోబెట్టాడు. తల డ్రైవరు వైపు... టైరు పక్కనే.

పక్కింటి కనకమ్మ శాలువా కప్పుకుని వచ్చింది. "నేనూ వస్తా. తల ఒళ్ళో పెట్టుకుంటా."

"పేనా ప్లాస్, పిన్నీ. చోటెక్కడుంది?"

"ఆ చక్రం దింపెయ్. మనిషికంటే అదెక్కువా?"

"దారంతా రాళ్ళు. పంచరైతే ఈ రాత్రి అక్కని ఎత్తుకుని నడవనా? కావాలంటే ముందు కూర్చో."

ముందు కూర్చుని నేను చేసేదేముందని కనకమ్మ ఆగిపోయింది. కన్నయ్య అన్నదాంట్లో తప్పులేదు. నేనైనా అదే అనేవాణ్ణి.

తలుపు వేయబోతుంటే అంకమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

"చిమ్నీ మలుపులో... ఆపకురా తమ్ముడూ. ఏం వినబడ్డా ఆపకు."

"ఆపనక్కా."

వాన మొదలైంది. దీపాల వెలుగులో చెరుకు తప్ప ఇంకేమీ కనబడటం లేదు. మలుపు దగ్గర రోడ్డు దిగి, నీళ్ళ కాలువ దాటి మళ్ళీ ఎక్కుతుంది. ఆ రాత్రి కాలువ గట్టుని వాన కోసేసింది. అది చూసుకునేలోపే ముందు చక్రాలు దభీమని పడ్డాయి... జీపు మొత్తం ఎగిరిపడి, మూలుగుతూ పైకెక్కింది. ఆ కుదుపులో ఏ చప్పుడు దేనిదో తెలీలేదు.

"అక్కా!" అని అరిచాడు. జవాబు లేదు. రేకుల మీద వాన హోరు. పక్కనే చీకట్లో చిమ్నీ.

అప్పుడు — టక్... టక్... టక్.

సరిగ్గా వాడి వీపు వెనక.

కాలు బ్రేకు మీదికి పోయింది. అక్కేమో అనుకున్నాడు. కాని అక్కయితే పేరు పెట్టి పిలుస్తుంది కదా... పిలవలేదు. పైగా మూడే దెబ్బలు. ఏం వినబడ్డా ఆపకన్నది అక్కే. ఆపితే వాడు ఎక్కుతాడు. ఎక్కితే ఎవర్ని తీసుకుపోతాడు? ఆ జీపులో చావుకి దగ్గరగా ఉన్నది అంకమ్మ ఒక్కతే.

కన్నయ్య బ్రేకు మీంచి కాలు తీసేశాడు.

"సింహాద్రి అప్పన్నా... సింహాద్రి అప్పన్నా..." అనుకుంటూ బండిని ఉరికించాడు. టక్... టక్... టక్. మలుపు వెనకపడినా ఆగలేదు. కాసేపు ఏమీ ఉండదు. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ మూడు. వెనక్కి తిరిగితే పని అయిపోయినట్టేనని మెడ బిగించుకుని కూర్చున్నాడట. పోనుపోను దెబ్బలు మెత్తబడ్డాయి, మధ్యలో ఎడం పెరిగింది.

పట్నం రోడ్డు ఎక్కే దగ్గర ఆగిపోయాయి.

వదిలిపోయాడు, అనుకున్నాడు కన్నయ్య. సంతోషంతో ఏడుపొచ్చిందట వాడికి. "మలుపు దాటేశామక్కా... ఆపలేదు, చూశావా? ఇంక భయం లేదు" అని గట్టిగా అరిచి చెప్పాడు. దారి పొడుగునా అలా చెబుతూనే ఉన్నాడు.

ఆసుపత్రి ముందు ఆపి, పరిగెత్తుకెళ్ళి వెనక తలుపు తీశాడు.

తాడు తెగిపోయి ఉంది. టైరు అంకమ్మ రొమ్ము మీద పడి, అవతలి బల్లకి ఇరుక్కుని ఉంది. జబ్బు మనిషి తోసుకునే బరువు కాదది. కుడిచెయ్యి ఒక్కటే బయటికుంది, తల మీదుగా రేకు గోడ దాకా చాచి. ఆ చేతికి వెండి కడియం. రేకు మీద కడియం గీతలు, ఒకదాని పక్కన ఒకటి... ఊపిరే అందనప్పుడు తమ్ముణ్ణి పేరు పెట్టి ఎలా పిలుస్తుంది? ఒంట్లో ఉన్న బలం మూడేసి దెబ్బలకే సరిపోయిందేమో.

కడుపునొప్పి ఆపరేషనుతో తగ్గేదేనని డాక్టరు చెప్పాడట.

దినాలయ్యాక నేను ఇనప పట్టీ వేశాను. నాలుగు బోల్టులు. అవి బిగిస్తుంటే గోడ మీది గీతలు వేలికి తగిలాయి, చాలాసేపు ఏడ్చాను. తర్వాత ఎస్టేటు వాళ్ళు రంగు వేయించారు గాని తడిమితే ఇప్పటికీ తెలుస్తాయి.

అప్పట్నుంచి ఆ మలుపులో కన్నయ్య ఒక్కడే జీపు ఆపేవాడు. ఎంత రాత్రయినా, వానైనా సరే. ఇంజను ఆపి, దిగి, వెనక తలుపు తీసి, "అక్కా" అని పిలిచేవాడు. కాసేపు నిలబడి వచ్చేసేవాడు. ఎవరూ తట్టలేదు, ఎవరూ ఎక్కలేదు. "ఇంకొక్కసారి తడితే చాలన్నా, ఆపుతాను" అనేవాడు నాతో. నేను నేల చూపులు చూసేవాణ్ణి.

మా దీవికి స్వతంత్రం వచ్చిన రోజు జెండా చూడ్డానికి పట్నం వెళ్ళాం. తిరిగొచ్చేసరికి బాగా రాత్రయింది. మిగతా వాళ్ళు పిటాన్‌లో దిగిపోయారు. ముందు సీట్లో మేమిద్దరమే. వెనక ఆ టైరు తప్ప ఏమీ లేదు. మలుపులో కన్నయ్య ఎప్పట్లాగే ఆపాడు, తలుపు తీశాడు, పిలిచాడు. వచ్చి కూర్చుని బండి తీశాడు. కాలువ ఎక్కేటప్పుడు ఇంజను గట్టిగా అరిచింది.

అప్పుడు నా వీపు వెనక — టక్... టక్... టక్.

బోల్టు కాదు. ఆ బోల్టులు బిగించింది నేను, నాకు తెలుసు. కన్నయ్య వంక చూశాను. వాడికి వినబడలేదు, గేరు మారుస్తూ రోడ్డు వంకే చూస్తున్నాడు.

మళ్ళీ తట్టింది. నెమ్మదిగా... మూడుసార్లు.

ఒక్క మాట చెబితే ఆపేస్తాడు. ఏడేళ్ళుగా వాడు ఎదురుచూస్తున్నది దానికోసమే. కాని ఆ తాడు చాలన్నది నేను... వీపుని రేకు గోడకి దూరంగా జరుపుకున్నాను.

"ఏంటన్నా, అలా అయిపోయావ్?" అన్నాడు కన్నయ్య.

"ఏం లేదురా" అన్నాను. "పోనీ... బండి పోనీ."