అచ్చుకు నిలవని చెయ్యి

పొద్దున టీ తాగిన గ్లాసులు ఇంకా కిటికీలోనే ఉన్నాయి. అప్పుడే రెండో అచ్చు కూడా పాడైంది.

"ఈ పిండి దండగ నాన్నా! కొత్త సంచీ తెప్పించాల్సిందే," అంటూ కూతురు బకెట్‌ను కాలితో పక్కకు తోసింది.

శిల్పాలు చేసే ఆ పిల్లకు ఒక కళాసంస్థ మూడు నెలలపాటు స్టూడియో, ఉండడానికి పైగది ఇచ్చింది. ఎన్నో ఏళ్లుగా అడగ్గా అడగ్గా దక్కిన అవకాశం అది. పనిచేసే చేతులకు అచ్చులు తీసి ప్రదర్శనకు పెట్టాలని ఆమె ఆలోచన. మొదట గుర్తొచ్చింది, జీవితమంతా కత్తెర పట్టిన టైలరు తండ్రి చెయ్యే. అందుకే అమ్మానాన్నలను పిలిపించుకుంది. నీళ్లలో చిక్కగా కలిపిన అచ్చుపిండిలో చెయ్యి ముంచి, అది గడ్డకట్టేదాకా కదలకుండా ఉంచాలి. అంతే పని.

ఆ మాట వినగానే తల్లి గుండెల్లో రాయి పడింది. ఆయన చెయ్యి వణకడం మొదలై ఏడాది దాటింది. ఇది పూర్తిగా తగ్గేది కాదని డాక్టరు తేల్చేశాడు. దుకాణంలో సూదిలో దారం ఎక్కించేదీ, గుడ్డ కత్తిరించేదీ ఇప్పుడు ఆవిడే. సంగతి తెలిస్తే కూతురు అన్నీ వదిలేసి ఇంటికొచ్చి కూర్చుంటుందని, చెప్పొద్దంటూ ఆయన ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాడు. చెబితే ఆయన బాధపడతాడు, చెప్పకపోతే ఆయన అవస్థ చూసి తను తట్టుకోలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మళ్లీ పిండి కలిపారు. ఆయన చెయ్యి ముంచి పళ్లు బిగబట్టాడు. బకెట్ అంచున పిండి సన్నగా అలలు కట్టింది.

"కదలకు నాన్నా! చిన్నపిల్లాడివా? కాసేపు బొమ్మలా కూచోలేవూ?"

"కూచున్నా కదమ్మా. దురద పెట్టిందంతే," అని ఆయన నవ్వబోయాడు.

"నిన్న ఇదే పిండిలో అమ్మ చెయ్యి గోళ్లతో సహా చక్కగా దిగింది. నీకేనా ఈ వంకలు? నా పనంటే ఆటగా ఉందా? ఇష్టం లేకపోతే రానని చెప్పాల్సింది!"

ఆయన తల దించుకుని అన్ని మాటలూ పడ్డాడు. తల్లికి ఒళ్లు మండిపోయింది. ఒట్టు తీసి గట్టున పెట్టింది.

"ఇక ఆపవే! ఆయన కదపడం లేదు. దానంతట అదే కదులుతోంది. ఏడాదిగా ఆ చెయ్యి మా ప్రాణాలు తోడేస్తోంది!"

కూతురు ఆయన చెయ్యి బయటికి తీసి తడిగుడ్డతో తుడవబోయింది. అది ఆమె అరచేతుల్లోనే కొట్టుకుంది.

"నేను ఇంటికొచ్చేస్తాను నాన్నా. ఇవాళే ఈ సంస్థ ఆఫీసులో చెప్పేస్తాను."

"వచ్చి?" అన్నాడాయన. "నువ్వొస్తే ఆగుతుందా? ఆగేట్టయితే నేనే పిలిచేవాణ్ణి కదా తల్లీ."

 

"నిన్ను ఎన్నేసి మాటలన్నాను నాన్నా..." అంటూ ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

"అన్నావులే, నేను పడ్డానులే. లేచి పిండి కలుపు. ఎలా వస్తే అలా రానీ."

ఈసారి కూతురు రెండు చేతులతో ఆయన చేతిని చుట్టేసి పిండిలో ముంచింది. తల్లి వెనకనుంచి వచ్చి ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పిల్లకంటే తన పట్టు గట్టిది, ఈ కాసేపైనా ఆపగలననుకుంది పిచ్చితల్లి. పిండి గడ్డకట్టేదాకా ముగ్గురి చేతులూ కలిసి వణికాయి.